ట్రోఫీలు అల్మారాలో, టీమ్ అట్టడుగున



మన వాట్సాప్ గ్రూపుల్లో ఏడాదికి ఒకటి రెండు సార్లైనా ఒక పాత ఫోటో తిరుగుతుంటుంది. కలకత్తా మొహమ్మడన్ స్పోర్టింగ్ క్లబ్ ఫోటో. కింద "గోరోంకు హరాయే సో షేరాఁ" అన్నట్టు ఏదో ఒక మాట. దాని కింద వరసగా మాషాఅల్లాహ్, సుబ్హానల్లాహ్, పచ్చ గుండెలు. నేనూ చాలాసార్లు మాషాఅల్లాహ్ కొట్టాను, అబద్ధం ఎందుకు.

ఈసారి ఎందుకో వేలు ఆగింది. ఇంత పొగుడుతున్నాం కదా, ఈ టీమ్ ఇప్పుడు ఎక్కడుంది, ఎట్లుంది అని ఒక్కరన్నా అడిగారా? అడగలేదు. నేనూ అడగలేదు. ఆ అడగకపోవడం గురించే ఈ నాలుగు మాటలు.

ముందు ఆ ఫోటో సంగతి. అది జూట్ కాదు. 1891లో పుట్టిన క్లబ్ ఇది. 1933 దాకా కలకత్తా లీగ్‌లో సెకండ్ డివిజన్ టీమ్. ఆ ఏడాది పైకెక్కింది. 1934లో ఫస్ట్ డివిజన్‌లో అడుగుపెట్టిన మొదటి సంవత్సరమే గోరా పల్టన్ల టీమ్‌లని దాటి ఛాంపియన్ అయింది. ఒక హిందుస్తానీ టీమ్ ఆ లీగ్ గెలవడం అదే మొదటిసారి. అక్కడితో ఆగలేదు, 1938 దాకా వరసగా ఐదేళ్ళు గెలిచింది. 1940లో డ్యూరాండ్ కప్ కూడా తెచ్చింది. వానకి చిత్తడైన మైదానంలో బూట్లేసుకుని ఆడటం, దేశం నలుమూలల నుంచి ఆటగాళ్ళని వెతికి తేవడం, ఇవన్నీ ఆ కాలంలో వాళ్ళు బుర్రపెట్టి చేసిన పనులు. ఊరికే నసీబ్‌తో వచ్చిన ఫతహ్ కాదు.

మన హైదరాబాద్‌కీ ఆ క్లబ్‌తో రిష్తా ఉంది. మన గల్లీల్లో ఆడి పెరిగిన సయ్యద్ నయీముద్దీన్, మొహమ్మద్ హబీబ్, షబ్బీర్ అలీ ముగ్గురూ ఆ నలుపు తెలుపు జెర్సీ వేసుకున్నవాళ్ళే. హబీబ్ సాబ్ 2023 ఆగస్టు 15న ఇంతెఖాల్ అయినప్పుడు కలకత్తా మూడు పెద్ద క్లబ్బుల అభిమానులూ బాధపడ్డారు. ఎందుకంటే ఆయన మూడింటికీ ఆడాడు. మన పెద్దలకి మొహమ్మడన్ అంటే పరాయి ఊరి టీమ్ కాదు. మనవాళ్ళు రొట్టె సంపాదించుకుని, పేరు తెచ్చుకున్న ఇల్లు.

ఇంత వరకూ ఫోటో చెప్తుంది. ఫోటో చెప్పని కథ 2013-14 సీజన్‌ది.

ఫుట్‌బాల్ అంతగా చూడని బెహనోంకి, బుజుర్గ్‌లకి ఒక మాట చెప్పాలి. లీగ్ అంటే అందరూ అందరితో రెండేసి సార్లు ఆడటం. గెలిస్తే 3 పాయింట్లు, సమానమైతే 1, ఓడితే సున్నా. ఆఖరికి అన్నిటికన్నా పైనున్నది ఛాంపియన్. అట్టడుగున మిగిలింది కింది డివిజన్‌కి దిగిపోవాలి. దాన్నే రెలిగేషన్ అంటారు. దిగిపోతే పెద్ద టీమ్‌లతో మ్యాచ్‌లు పోతాయి, టీవీ పోతుంది, స్పాన్సర్ పోతాడు, మంచి ఆటగాళ్ళు వేరే చోటికి పోతారు. పాత పేరు మాత్రం మిగులుతుంది. పేరుతో తన్ఖాలు ఇవ్వలేం కదా.

ఆ ఏడాది మొహమ్మడన్ కింది డివిజన్ నుంచి ఐ-లీగ్‌కి వచ్చింది. ఆ రోజుల్లో ఐ-లీగే మన దేశంలో అన్నిటికన్నా పెద్ద లీగ్. మొత్తం 13 టీమ్‌లు, ఒక్కొక్కరికీ 24 మ్యాచ్‌లు. టీమ్‌లో పేరున్న విదేశీ ఆటగాళ్ళున్నారు. బ్రెజిల్ జోసిమార్, నైజీరియా పెన్ ఓర్జీ, ఆస్ట్రేలియాలో పుట్టిన తుర్కీ మూలాల తోల్గాయ్ ఓజ్బే. లీగ్ మొదలయ్యే ముందు 2013 సెప్టెంబర్‌లో ఢిల్లీలో ఓఎన్‌జీసీని 2-1తో ఓడించి డ్యూరాండ్ కప్ గెలిచారు. 1940 తర్వాత మళ్ళీ డ్యూరాండ్ ఇదే. 73 ఏళ్ళ ఇంతెజార్! కలకత్తాలో జష్న్, మిఠాయిలు, ఊరేగింపులు. ఖౌమ్ మళ్ళీ లేచింది అనుకున్నారు.

ఆ జోష్‌తోనే లీగ్‌లోకి దిగారు. అక్కడ మాత్రం కాలు జారుతూనే ఉంది. ఒక వారం ఓటమి, ఒక వారం డ్రా, మళ్ళీ ఓటమి. గెలిచిన వారం తర్వాత గెలవని వారాలు. సీజన్ మధ్యలో కోచ్ మారాడు, సంజయ్ సేన్ చేతికి టీమ్ వచ్చింది. 2014 ఫిబ్రవరిలో ఆయన కింద ఐఎఫ్ఏ షీల్డ్ ఫైనల్‌లో బంగ్లాదేశ్ టీమ్ షేఖ్ జమాల్ ధన్మండిని పెనాల్టీల్లో ఓడించి షీల్డ్ తెచ్చారు. 1971 తర్వాత మొదటిసారి. మళ్ళీ జష్న్. ఒక్క సీజన్‌లో రెండు పెద్ద ట్రోఫీలు. అరె, ఏ టీమ్‌కి దొరుకుతుంది ఈ నసీబ్?

ఏప్రిల్‌లో లీగ్ ముగిసింది. పట్టికలో 13వ స్థానం. ఆఖరిది. రెండు కప్పులు చేతిలో పట్టుకుని మొహమ్మడన్ స్పోర్టింగ్ కింది డివిజన్‌కి దిగిపోయింది.

నేను ఈ సీజన్ గురించి చదివిన ప్రతిసారీ ఒకచోటే ఆగిపోతాను. డ్యూరాండ్ గెలిచిన టీమ్, షీల్డ్ గెలిచిన టీమ్ చేతకానిది ఎట్లవుతుంది? చేతకానిది కాదు. కప్పుకీ లీగ్‌కీ కావాల్సిన గుణాలే వేరు. కప్పు అంటే నాలుగైదు మ్యాచ్‌లు, రెండు మూడు వారాలు. జోష్‌తో, జజ్బాతో, ఒక మంచి రోజుతో నెట్టుకురావచ్చు. లీగ్ ఏడు నెలలు నడుస్తుంది. షిల్లాంగ్ చలిలో, గోవా ఉక్కలో, జనం లేని ఖాళీ స్టేడియంలో, ఎవరూ చూడని బుధవారం నాడు కూడా అదే ఆట ఆడాలి. దానికి కావాల్సింది జోష్ కాదు, ఇస్తెఖామత్.

ఈ ఫరఖ్ మనకి తెలియనిదా? షబె ఖద్ర్ రాత్రి మస్జిద్‌లో కాలు పెట్టడానికి జాగా ఉండదు. ఈద్‌గాహ్‌లో సఫ్‌లు రోడ్డు దాకా వస్తాయి. షవ్వాల్ రెండో వారంలో ఫజర్‌కి వెళ్ళి చూడండి, రెండో సఫ్ నిండితే గొప్ప. చిన్న అమల్ అయినా మానకుండా చేసేది అల్లాహ్‌కి ఇష్టమని చిన్నప్పటి నుంచీ మౌల్వీ సాబ్‌ల దగ్గర వింటూనే ఉన్నాం. మొహమ్మడన్ ఆ ఏడాది రెండు ఈదులు బ్రహ్మాండంగా చేసుకుంది. రోజువారీ నమాజ్ ఖజా అయిపోయింది.

"అట్లేం కాదు భాయ్, మనవాళ్ళని తొక్కేస్తారు, పైకి రానివ్వరు" అనేవాళ్ళుంటారు. బయట తఅస్సుబ్ లేదని నేననను. ఇల్లు కిరాయికి అడిగినప్పుడు, నౌకరీకి పోయినప్పుడు దాని రుచి మనందరికీ తెలుసు. కానీ పాయింట్ల పట్టికకి పేర్లు చదవడం రాదు. ఆ ఏడాది పట్టిక ఇచ్చిన తీర్పు ఒక్కటే, 24 మ్యాచ్‌ల్లో నువ్వేం చేశావ్ అని. పైగా ఆ టీమ్‌ని నిలబెట్టడానికి ఆఖరి దాకా కష్టపడిన కోచ్ సంజయ్ సేన్. గోల్స్ కొట్టమని తెచ్చుకున్నది బ్రెజిల్, నైజీరియా వాళ్ళని. ఇది ఖౌమ్‌ల లడాయి కాదు, ఒక క్లబ్ ఇంతెజామ్ సంగతి. ఇంకో మాట. అదే సంజయ్ సేన్ ఆ ఏడాది డిసెంబర్‌లో మోహన్ బగాన్‌కి వెళ్ళాడు. 2015 మే 31న ఐ-లీగ్ ఛాంపియన్ అయ్యాడు. ఒక ఇంట్లో టీమ్ అట్టడుగున ఉండగా పని చేసిన మనిషి, ఏడాది తిరిగేసరికి ఇంకో ఇంట్లో అందరికన్నా పైన నిలబడ్డాడు. తేడా మనిషిలో ఎంత ఉంది, ఇంట్లో ఎంత ఉంది, మీరే ఆలోచించండి.

"పైసల్లేవు భాయ్, పెద్ద కంపెనీలు వెనకున్న క్లబ్బులతో ఎట్ల పోటీ పడతాం" అనేది రెండో మాట. ఇందులో కొంత హఖీఖత్ ఉంది. దీనికి జవాబు నేను చెప్పను, ఖాలిద్ జమీల్ జిందగీ చెప్తుంది.

ముంబై ఎఫ్‌సీ అని ఒక చిన్న టీమ్ ఉండేది. 2009 నుంచి 2016 దాకా ఖాలిద్ జమీల్ దానికి కోచ్. ఆ ఏడేళ్ళలో ఆ టీమ్ కప్పులేం గెలవలేదు. చాలా మ్యాచ్‌లు 0-0, 1-1. చూసేవాళ్ళకి బోర్. ఒక్క పాయింట్, ఇంకో పాయింట్, గోడ కట్టినట్టు ఇటుక మీద ఇటుక. అయినా ఆ ఏడేళ్ళలో ముంబై ఎఫ్‌సీ ఒక్కసారి కూడా కిందికి దిగలేదు. దానికెవరూ మిఠాయిలు పంచలేదు. దిగిపోకుండా ఉండటానికి జష్న్ చేయరు కదా. 2016లో ఆయన దారి, క్లబ్ దారి వేరయ్యాయి. తర్వాతి సీజన్‌లోనే ముంబై ఎఫ్‌సీ ఆఖరి స్థానంలో మిగిలి దిగిపోయింది. మళ్ళీ పైకి రాలేదు.

ఖాలిద్ సాబ్ ఐజాల్‌కి వెళ్ళాడు. మిజోరం టీమ్. అది కూడా అంతకు ముందు ఏడాది పట్టిక లెక్కన దిగిపోయిన టీమే. గోవా క్లబ్బులు లీగ్ వదిలేయడంతో మళ్ళీ చోటు దొరికింది. పైసల్లేవు, పెద్ద పేర్లు లేవు. ఉన్నవాళ్ళలో చాలామంది ఆ ఊరి కుర్రాళ్ళు. 2017 ఏప్రిల్ 30న ఆ టీమ్ మోహన్ బగాన్ కన్నా ఒక్క పాయింట్ ఎక్కువతో హిందుస్తాన్ ఛాంపియన్ అయింది. ఆఖరి మ్యాచ్ కూడా 1-1 డ్రానే! ఒక్కొక్క పాయింట్‌ని హఖీర్‌గా చూడని మనిషికి ఆ ఒక్క పాయింటే తాజ్ అయింది. 2025లో ఆయన దేశం టీమ్‌కే కోచ్ అయ్యాడు. మన గ్రూపుల్లో ఎవరి ఫోటో తిప్పాలో నన్నడిగితే ముందు ఈయనది తిప్పమంటాను. ఛాంపియన్ అయిన రోజుది కాదు. దిగిపోకుండా ముంబై ఎఫ్‌సీని మోసిన ఆ ఏడేళ్ళలో ఏదో ఒక వాన రోజుది.

మళ్ళీ మొహమ్మడన్ దగ్గరికి. 2014లో దిగిన క్లబ్ ఐ-లీగ్‌లోకి తిరిగి రావడానికి 2020 అక్టోబర్ దాకా పట్టింది. ఏడు నెలల్లో పోగొట్టుకున్నది ఆరేళ్ళకి దొరికింది. అంటే 14 ఏళ్ళ పిల్లవాడు ఆ జెర్సీ వేసుకుని పెద్ద లీగ్‌లో ఆడాలని ఖ్వాబ్ చూసి ఉంటే, వాడికి 20 ఏళ్ళు వచ్చాక గానీ ఆ దర్వాజా తెరుచుకోలేదు. ఇట్లాంటి పిల్లల గురించి ఏ ట్రోఫీ మీదా రాయరు.

తిరిగొచ్చాక బాగానే నడిచారు, అల్హమ్దులిల్లాహ్. 2021లో కలకత్తా లీగ్ గెలిచారు, 1981 తర్వాత 40 ఏళ్ళకి. 2022లో, 2023లో మళ్ళీ గెలిచారు. 2023-24లో ఐ-లీగ్ ఛాంపియన్లు అయ్యారు. ఆ గెలుపుతో ఇండియన్ సూపర్ లీగ్‌లోకి ఎక్కారు. 2024-25లో అక్కడ ఏమైంది? 24 మ్యాచ్‌ల్లో 2 గెలుపులు, మొత్తం 13 పాయింట్లు. మళ్ళీ 13వ స్థానం, మళ్ళీ ఆఖరిది. తన్ఖాల బకాయిల గొడవలు పేపర్లకెక్కాయి. ఐ-లీగ్ గెలిపించిన రష్యా కోచ్ చెర్నిషోవ్ సీజన్ మధ్యలో వెళ్ళిపోయాడు. కశ్మీరీ బిడ్డ మెహ్రాజుద్దీన్ వాదూ మిగిలిన బరువు ఎత్తుకున్నాడు.

అయితే ఈసారి దిగిపోలేదు. ఎందుకంటే ఆ సీజన్‌లో సూపర్ లీగ్‌లో రెలిగేషన్ లేదు. ఆఖరివాడు కూడా అక్కడే ఉండిపోయాడు.

ఇది విని "హమ్మయ్య" అనుకుంటే పొరపాటు. దిగిపోయే భయం లేకపోతే ఏమవుతుందో మన హైదరాబాద్ ఎఫ్‌సీ చూపించింది. 2022 మార్చిలో గోవాలో సూపర్ లీగ్ ఛాంపియన్ అయిన టీమ్ అది. రెండేళ్ళు తిరిగేసరికి 2023-24లో 22 మ్యాచ్‌లాడితే ఒక్క గెలుపు, 8 పాయింట్లు, ఆఖరి స్థానం. తన్ఖాలు అందక ఆటగాళ్ళు సీజన్ మధ్యలోనే వెళ్ళిపోయారు, కొత్తవాళ్ళని తీసుకోకుండా ఫీఫా నిషేధం పడింది. మిగిలిన పిల్లలే ఆడి ఆడి ఓడారు. వాళ్ళ మెహనత్‌కి సలాం. కింది డివిజన్‌కి దిగే పని లేదు కదా, అందుకని పైనున్నవాళ్ళకి ఏ రాత్రీ నిద్ర పట్టకుండా పోలేదు. ఆఖరికి 2025లో ఆ టీమ్ మన ఊరే వదిలి ఢిల్లీకి తరలిపోయింది. దిగిపోయిన టీమ్ మళ్ళీ ఎక్కొచ్చు. ఊరు వదిలిపోయిన టీమ్‌ని ఏ మెట్ల మీద వెతకాలి?

అందుకే నాకు రెలిగేషన్ అంటే జుల్మ్ అనిపించదు. అది ఒక రకం రహ్మత్. నీ హిసాబ్ నీ ముందు పెట్టి, ఇంకా టైం ఉంది, సర్దుకో అని ప్రతి వారం చెప్పే ఏర్పాటు. 1933లో మొహమ్మడన్ పైకెక్కింది కూడా ఈ మెట్ల మీదే కదా. దిగడం ఉన్నచోటే ఎక్కడం ఉంటుంది. ఎక్కినప్పుడు మెట్లు మంచివి, దిగినప్పుడు చెడ్డవీ అంటే ఎట్ల?

ఇప్పుడు అసలు గుండెలో ఉన్న మాట. మన ఊళ్ళలో ఉన్న ఇదారాలకి, మన స్కూళ్ళకి, లైబ్రరీలకి, మస్జిద్ కమిటీలకి, వెల్ఫేర్ సొసైటీలకి పాయింట్ల పట్టిక లేదు. ఆఖరి స్థానంలో ఉన్నా దిగిపోయే భయం లేదు. సాలానా జల్సాలు బ్రహ్మాండంగా అవుతాయి. షాల్వాలు కప్పుతారు, తఖ్రీర్‌లు ఇస్తారు, బిర్యానీ దేగ్‌లు దించుతారు. అది మన డ్యూరాండ్ కప్. అదే ఇదారాలో పిల్లలకి చెప్పే ఉస్తాద్‌కి మూడు నెలల తన్ఖా బాకీ ఉంటుంది. ఒకరి చేత పని చేయించుకుని వాళ్ళ హఖ్ ఆలస్యం చేయొద్దని మన దీన్ ఎంత గట్టిగా చెప్పిందో, తఖ్రీర్ ఇచ్చిన ఆ స్టేజీ మీదవాళ్ళకి తెలియదా? లైబ్రరీకి తాళం పడి ఏడాదైనా బోర్డు మీద స్థాపించిన సంవత్సరం మాత్రం మెరుస్తూ ఉంటుంది.

ఇందులో నేను ఎవరినీ బద్నాం చేయడం లేదు. చందా ఇచ్చి హిసాబ్ అడగనివాళ్ళలో నేనూ ఒకణ్ణి. జల్సాకి పోయి ముందు వరసలో కూర్చున్నాను. నెలవారీ మీటింగ్‌కి ఒక్కసారి పోలేదు. మొహమ్మడన్ ఫోటోకి మాషాఅల్లాహ్ కొట్టి, పట్టిక చూడకుండా ఫోన్ పక్కన పెట్టిన చేయి కూడా ఇదే.

ఇట్లా చేద్దామా? ప్రతి ఇదారా ఏడాదికి ఒకసారి కాదు, నెలకి ఒకసారి జుమా తర్వాత ఒక్క కాగితం గోడకి అంటించాలి. ఉస్తాద్‌లకి తన్ఖా ఏ తారీఖున ముట్టింది? ఎంతమంది పిల్లలొచ్చారు, ఎంతమంది మానేశారు? చందా ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది? నాలుగు వరసలు చాలు. అది మన పాయింట్ల పట్టిక. అందులో ఒక నెల ఓడిపోతే షరమ్ లేదు. ఐజాల్ కూడా ఓడింది. ఓడినట్టు తెలియకుండా జష్న్ చేసుకోవడమే షరమ్.

పాత ఫోటో తిప్పొద్దని నేననను. 1934 మనది, ఫఖర్ పడదాం. మన పిల్లలకి చెబుదాం. కానీ ఆ ఫోటో కింద ఈ ఏడాది పట్టిక కూడా పెడదాం. "ఆ టీమ్ ఇప్పుడెక్కడుంది అబ్బా" అని పిల్లలు అడిగితే నీళ్ళు నమలకుండా జవాబు చెప్పగలగాలి. గెలుస్తోంది అని చెప్పలేకపోవచ్చు. దిగిపోకుండా పోరాడుతోంది, ఈ వారం ఒక్క పాయింట్ తెచ్చింది అని చెప్పినా చాలు. ఆ ఒక్క పాయింట్ కద్ర్ తెలిసిన పిల్లలు రేపు ఏ ఇదారానైనా నిలబెడతారు.

అల్లాహ్ మనకి జష్న్‌ల కన్నా ముందు ఇస్తెఖామత్ అతా చేయుగాక. ఆమీన్.